నైజ మెంతవఱకు? రోగ మెప్పటినుండి?



మన యిండ్లలో ఒక మనిషినిగూర్చిన చర్చను ముగించుటకు రెండు మాటలు వాడుకలో నున్నవి. "వాని నైజమే యంత" యనునది మొదటిది. "ఆమెకు మతి సరిగా లేదు" అనునది రెండవది. మొదటి మాట పలికినంతనే ఇంటివారందఱు నోరు మూసికొని భరించుటకు సిద్ధపడుదురు. రెండవ మాట పలికినంతనే ఆ మనిషి చెప్పు మాటలు వినుట మానివేయుదురు. పురుషుని కోపమునకు మొదటి మాటయు, స్త్రీ కోపమునకు రెండవ మాటయు వాడుట తఱచు. ఈ రెండు మాటల నడుమ గల చోటు చాల విశాలమైనది. మనలో ప్రతివారును ఆ చోటనే ఎచ్చటనో యొకచోట నిలిచియున్నారు. స్వభావము ఎంతదూరము స్వభావముగ నుండును, ఎచ్చట రుగ్మతయని చెప్పదగును, అట్లు చెప్పుటవలన మేలేమి, కీడేమి యను విషయములను ఈ మాసము విచారింపదలచితిమి.

ఈ విషయము సుబోధకమగుటకు మేము అనంతపురపు మెట్టసీమను ఉదాహరణముగ గైకొనుచున్నాము. 2022 ఏప్రిల్ 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా వేఱుపడుటచే ఆ పాత జిల్లా నేడు రెండు జిల్లాలుగ నున్నది. ఇందు మేము రెండింటిని కలిపియే చెప్పుచున్నాము. నైరుతి మేఘములు పడమటి కనుమలు దాటివచ్చుసరికి చాలవఱకు తడి కోల్పోవును. ఈశాన్యపు వానలు తూర్పుతీరమునుండి అంతదూరము పోవుసరికి నీరసించును. అందుచే అచ్చట ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. ఆ వానయైనను ఏటేట నమ్మదగినది కాదు.

వాతావరణ శాఖవారు ఏటి వానను దీర్ఘకాలపు సగటుతో పోల్చి చూతురు. తక్కువ నూటికి 19 వంతులవఱకు నున్నచో సాధారణమనియు, 20 మొదలు 59 వఱకు నున్నచో లోటనియు, 60 దాటినచో తీవ్రమైన లోటనియు చెప్పుదురు. ఆకాశమున అట్టి గీత యేదియు లేదు. 19 వంతులు తగ్గిన యూరికిని, 20 వంతులు తగ్గిన పొరుగూరికిని చేలలో భేదము కానరాదు. అయినను గీత గీయక తప్పదు. పశుగ్రాసము ఎచ్చటికి పంపవలెను, ఎవరి అప్పు వాయిదా వేయవలెను అని నిర్ణయించువారికి ఒక హద్దు కావలెను. హద్దు మనుష్యులు పెట్టుకొన్నది. దాని వెనుకనున్న యెండ మాత్రము నిజమైనది.

మఱియొక సంగతి. వానకొలత యొక్కటియే కఱవును నిర్ణయింపదు. బుడ్డలచేలలో, అనగా వేరుసెనగచేలలో, ఊడలు దిగు సమయమున వారములతరబడి చినుకు లేకున్నచో, ఏడాది మొత్తము సరిపోయినను పంట దక్కదు. ఎఱ్ఱనేల నీటిని ఎక్కువకాలము నిలుపలేదు. చెఱువు నిండియున్న యూరు తట్టుకొనును; బోర్లెండిన యూరు తట్టుకొనలేదు. అందుచేతనే 2016లో కేంద్ర ప్రభుత్వము సవరించిన కఱవు నిర్ణయ విధానములో వానతోపాటు ఎండువిరామము, విత్తిన విస్తీర్ణము, నేలలోని తేమ, జలాశయములలోని నీరు మొదలైనవియు లెక్కకు వచ్చును. కొలత తగ్గుట ఒక సంగతి. ఆ తగ్గుదలచే బ్రతుకు చెడుట మఱియొక సంగతి. రెండును కలిసినప్పుడే కఱవు. మనుష్యుల స్వభావము విషయమున నేటి మనోవైద్యులు చేరిన నిర్ణయమును ఇట్టిదే.

ముందు స్వభావమన నేమో చూతము. అమెరికాలో ఆల్‌పోర్టు, ఆడ్బర్టు అను నిద్దఱు 1936లో ఒక పెద్ద ఆంగ్ల నిఘంటువును గాలించి, మనుష్యుల తీరును తెలుపు మాటలను సుమారు 18,000 ఏరిరి. తరువాతి పరిశోధకులు అట్టి మాటలను వడగట్టి, ఏ గుణము ఏ గుణముతో కలిసి నడచునో గణితముచే పరీక్షించి, తుదకు అయిదు పెద్ద గుణములుగ కూర్చిరి. వానిని మన యింటి మాటలలో చెప్పవచ్చును. చిన్నదానికే కలతపడుట ఒకటి. నలుగురితో కలుపుగోలుగ నుండుట రెండవది. ఇతరులయెడ మెత్తదనము, నమ్మకము మూడవది. పూనిన పనిని క్రమముగ నెఱవేర్చుట నాల్గవది. క్రొత్తవాటియందు ఆసక్తి అయిదవది. ఇవి మనయందు ఉన్నవా, లేవా యను ప్రశ్నయే లేదు. అందఱియందును ఉన్నవి; ఎంతెంత యున్నవనుటయే భేదము. కవలపిల్లలను పరిశీలించినవారు ఈ భేదములలో సుమారు సగము పుట్టుకతో వచ్చునదనియు, తక్కినది పెరిగిన తీరువలనను, తటస్థపడిన అనుభవములవలనను కలుగుననియు కనుగొనిరి.

ఏ గుణమును దానంతట చెడ్డది కాదు. అనంతపుర సీమలో ఆకలివేళను సైతము విత్తనపుకాయలను ముట్టనీయని అవ్వయే మఱుసటి యేటి పంటను నిలుపును. వడ్డీవ్యాపారి మాట నమ్మక, కాగితమును నలుగురిచేత చదివించుకొను అనుమానపు మనిషి తన పొలమును కాపాడుకొనును. జనసమ్మర్దము గిట్టనివాడు గొఱ్ఱెలను తోలుకొని కొండవాలులలో నెలలు గడుపగలడు. పొదుపు, అనుమానము, ఏకాంతప్రీతి యనునవి వాన లేని సీమలో అవలక్షణములు కావు, బ్రతుకుతెఱువులు. నదీతీరపు మాగాణి యూరివారు వీరిని పిసినారులని, ముభావులని తలంపవచ్చును. అది చూచువారి లెక్క మాత్రమే.

అట్లయిన రుగ్మతయనునది ఎచ్చట మొదలగును? ఇందుకు మూడు ప్రశ్నలు ఉపయోగపడును.

మొదటి ప్రశ్న: కాలము మాఱినప్పుడు ఆ గుణము వంగుచున్నదా? పైనచెప్పిన అవ్వవంటి ఒకామెను ఊహించుకొందము. వరుసగ మూడేండ్లు పంట బాగుగ పండినది. అయినను ఆమె గాదె తాళము ఎవరికిని ఈయదు. పురుగుపట్టిన కాయలనైనను పాఱవేయనీయదు. మనుమరాలికి జ్వరము వచ్చినను మందునకు రూకలు తీయదు. ఆమె పొదుపు కఱవుకొఱకు పుట్టినది గాని, కఱవు పోయినను అది పోలేదు. స్వభావము చేతిలోని కఱ్ఱవంటిదైనచో అవసరమైనప్పుడు ఊతగొని, లేనప్పుడు మూలనుంచవచ్చును. అది చేతికి అతుకుకొనిపోయినప్పుడు చిక్కు.

రెండవ ప్రశ్న: అది అన్నిచోట్లను, అందఱియెడను కనబడుచున్నదా? వడ్డీవ్యాపారిని నమ్మనివాడు తెలివిగలవాడు. వ్యాపారిని, తమ్ముని, భార్యను, బిడ్డకు సూదిమందు వేయు నర్సును, పలుకరించిన పొరుగువానిని ఒక్కతీరుగ శంకించువాడు వేఱు. అత్తగారితో మాత్రమే కటువుగ నుండి, తక్కిన అందఱితో చక్కగ మెలగు కోడలికి వ్యక్తిత్వరుగ్మత యున్నదని తలచుటకంటె, ఆ అత్తాకోడండ్ర నడుమ ఏమి జరిగినదో విచారించుట న్యాయము.

మూడవ ప్రశ్న: దానివలన ఎవరు ఎంత బాధపడుచున్నారు? జర్మను వైద్యుడు కుర్టు ష్నైడరు 1923లోనే ఈ విషయమును గ్రహించెను. సగటునుండి తొలగిన స్వభావములన్నియు వైద్యునికి పని కలిగింపవనియు, తన స్వభావముచే తాను బాధపడువాడో, సంఘమును బాధపెట్టువాడో అయినప్పుడే విచారింపవలసి యుండుననియు ఆయన మతము. ఒంటరితనములో తృప్తిగ నున్న గొఱ్ఱెలకాపరికి వైద్యమేల? మనుష్యులను కోరుచు, వారు ఛీకొట్టుదురను భయముచే ఇల్లు కదలలేక లోలోపల కుమిలిపోవు పడుచుపిల్లకు సహాయము కావలెను. బయటికి ఇద్దఱును ఒంటరివారే. లోపలి బ్రతుకులు వేఱు.

వైద్యశాస్త్రము ఈ మార్గమునకు చేరుటకు చాలకాలము పట్టినది. 1980లో అమెరికా మనోవైద్యసంఘమువారు తమ రోగనిర్ణయ గ్రంథపు మూడవ కూర్పులో స్వభావపు రుగ్మతలను వేఱువేఱు పెట్టెలుగ విభజించి, ఒక్కొక్క పెట్టెకు లక్షణముల పట్టిక నిచ్చిరి. తరువాతి కూర్పులలో ఒక పేరునకు తొమ్మిది లక్షణములలో అయిదుండవలెనని నియమము. అనగా అయిదున్నవారు రోగులు, నాలుగున్నవారు కారు! ఒకే రోగి రెండు మూడు పెట్టెలలో సరిపోవుటయు, ఒకే పెట్టెలోని యిద్దఱికి పోలికయే లేకుండుటయు వైద్యులు చూచుచు వచ్చిరి. 2013 నాటి అయిదవ కూర్పులో పాత పది పెట్టెలను ఉంచుచునే, గుణముల కొలతపై నాధారపడిన క్రొత్త విధానమును వేఱొక భాగమున చేర్చిరి.

ప్రపంచ ఆరోగ్యసంస్థవారు మఱింత ముందునకు పోయిరి. 2019లో అంగీకరింపబడి, 2022 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన వారి పదునొకండవ రోగవర్గీకరణములో పాత పెట్టెలు తొలగినవి. వ్యక్తిత్వరుగ్మత యని ఒక్కటే పేరు. అది స్వల్పమా, మధ్యమమా, తీవ్రమా యని కొలత. వీటికి దిగువన, రోగముగ లెక్కింపబడని "స్వభావపు ఇబ్బంది" యను మెట్టును గలదు. పిమ్మట ఏ గుణము మితిమీఱినదో చెప్పుదురు. మితిమీఱిన కలత, మనుష్యులకు ఎడమగుట, ఇతరుల బాధను లెక్కచేయకుండుట, నిగ్రహలోపము, అతినియమము అని ఇవి అయిదు. మనోభావములు, సంబంధములు క్షణక్షణము తలక్రిందులగు ఒక పాతరీతిని మాత్రము, అవసరమైన వైద్యులకొఱకు, "సరిహద్దు రీతి" యను పేర నిలిపిరి.

ఈ అయిదింటిని పైనచెప్పిన సాధారణగుణములతో పోల్చి చూడుడు. కలత పెరిగినచో మొదటిది. కలుపుగోలుతనము మిక్కిలి తగ్గినచో రెండవది. మెత్తదనము ఎండిపోయినచో మూడవది. పూనిక తగ్గినచో నాల్గవది. పూనిక హద్దుమీఱినచో అయిదవది. ఇల్లు అద్దమువలె నుంచు ఇల్లాలిని అందఱును మెచ్చుకొందురు. పిల్లలు ఒక పుస్తకము కదల్చినను సహింపలేక, పండుగనాడు చుట్టములు వచ్చినను ఆనందింపలేక, నియమమునకే బానిసయైన ఇల్లాలు అదే గుణముచే బాధపడుచున్నది. రుగ్మత యనునది ఎచ్చటినుండియో వచ్చి మనుష్యుని ఆవేశించు భూతము కాదు. మనయందఱిలోని గుణమే, హద్దు దాటి, వంగుట మఱచి, బ్రతుకును చెఱుచుటయే అది. ఈ నెల మేము ముఖ్యముగ చెప్పదలచినది ఇదియే.

ఆ వర్గీకరణములోనే రెండు జాగ్రత్తలు గలవు. ఈ తీరు కనీసము రెండేండ్లుగ నిలిచియుండవలెను. అది ప్రధానముగ సాంఘిక, సంస్కృతి కారణములవలన కలిగినది కాకూడదు. రెండవ నియమము కఱవుసీమలకు మిక్కిలి ముఖ్యము. అనంతపురము ఇంకను బళ్లారి జిల్లాలో భాగముగ నున్న దినములలో, 1876 మొదలు 1878 వఱకు, ధాత కఱవు వచ్చినది. ఆ కఱవునాటి వారికి గింజను దాచుట రోగమని ఎవరనగలరు?

ఆకలి మనుష్యుని స్వభావమును ఎట్లు మార్చునో తెలుపు ఒక పరీక్ష అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1944, 45 సంవత్సరములలో జరిగినది. యుద్ధమున పాల్గొననని నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు, తమంతట తాము ఒప్పుకొని, 24 వారములపాటు అరకడుపు తిండితో నుండిరి. వారు చిక్కిపోవుటయే కాదు, స్వభావమును మాఱినది. నవ్వు మఱచిరి, ఒంటరులైరి, చిన్నమాటకే చిరచిరలాడిరి. కొందఱు వంటపుస్తకములు ప్రోగుచేసిరి. కొందఱు పనికిరాని వస్తువులను సైతము కూడబెట్టిరి. మరల కడుపునిండ తిండి దొరకినపిదప నెలలలో చాలవఱకు పూర్వపు మనుష్యులైరి. పిసినారితనమును, ముభావమును చూచి మనిషిని నిందించుటకు ముందు, ఆ మనిషి ఎన్నడు, ఎంతకాలము ఆకలితో నుండెనో అడుగుట ఉచితము.

ఇంకొక తేడాను ప్రతి గృహిణియు తెలిసియుండవలెను. స్వభావము సాధారణముగ బాల్యమునుండి నెమ్మదిగ అల్లుకొని, యౌవనమునకు స్థిరపడును. నలుబదియేండ్లవఱకు నలుగురితో నవ్వుచు తిరిగిన మగడు, పంట పోయి అప్పు పెరిగిన యేడు, హఠాత్తుగ మాట మానివేసి, నిద్ర లేక, తిండి సహింపక, "నేను లేకున్నచో మీరు సుఖపడుదురు" అన్నచో, దానిని నైజమనరాదు. అది మనోవ్యాకులతయను వ్యాధి. చికిత్సకు లొంగునది, ఆలస్యమైనచో ప్రాణాపాయము గలది. ఎందఱో రైతులు తమ చేతులార ప్రాణములు తీసికొనిన సీమ అది. అట్టి మాట విన్నపుడు పరిహాసముగ గాని, బెదిరింపుగ గాని తీసికొనక, వారిని ఒంటరిగ విడువక, పురుగులమందును చేతికి అందనిచోట నుంచి, వెంటనే వైద్యుని చూపవలెను. అట్లే మద్యపానమువలనను, తలకు దెబ్బ తగులుటవలనను, థైరాయిడు గ్రంథి లోపమువలనను, వార్ధక్యమున మెదడు క్షీణించుటవలనను మనుష్యుడు మాఱిపోవచ్చును. హఠాత్తుగ వచ్చిన మార్పునకు కారణము వెదకవలెను గాని పేరు పెట్టరాదు.

పేరు పెట్టుటవలన కీడు ముఖ్యముగ స్త్రీలకే కలుగుచున్నది. కాపురమున తగవు రాగానే "పిల్లకు మానసికరోగమున్న సంగతి దాచి పెండ్లి చేసిరి" అను మాట పుట్టుట మనమెఱుగనిది కాదు. ఇందు చట్టమును కొలతనే అడుగుచున్నది. 1955 నాటి హిందూ వివాహచట్టములో 1976లో చేర్చిన సవరణ ప్రకారము, మనోరుగ్మత ఉన్నంతమాత్రమున విడాకులు లభింపవు. రెండవవారు కలిసి కాపురము చేయుదురని న్యాయముగ ఆశింపరానంత తీవ్రమైనదై యుండవలెను. భార్యకు స్కిజోఫ్రీనియా గలదని ఒక తెలుగు భర్త వేసిన వ్యాజ్యములో, 2013లో సుప్రీంకోర్టువారు, ఆమె చదువును, వృత్తినిర్వహణమును గమనించి, రోగపు పేరు చాలదనియు, దాని తీవ్రత ఋజువు కావలెననియు చెప్పి, భర్త కోరికను త్రోసివేసిరి. అంత పెద్ద వ్యాధి విషయముననే ఇట్లున్నపుడు, కోపము, మొండితనము మాత్రము చూపి ఒకతెను మతిలేనిదానిగ చేయుట ఎట్లు చెల్లును? 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము మఱింత స్పష్టముగ పలికినది. కుటుంబపు, సంఘపు నీతిసంప్రదాయములకు లోబడలేదను కారణముచే ఎవరిని గాని మనోరోగియని నిర్ణయింపరాదు. అట్టి నిర్ణయము న్యాయముగ జరిగినను, అంతమాత్రమున ఆ మనిషి మతిస్థిమితము లేనివాడని అర్థము కాదు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదు" అని మన సామెత. ఇది పూర్తిగ నిజము కాదని చెప్పుటకు నేడు ఆధారములు గలవు. వయసు పెరిగినకొలది చాలమంది కలత తగ్గి, పూనిక పెరిగి, నెమ్మదింతురు. పైనచెప్పిన సరిహద్దు రీతి మనస్సులు మిక్కిలి కష్టసాధ్యములని చిరకాలము తలచుచుండిరి. అమెరికాలో అట్టివారిని పదేండ్లపాటు వెంబడించి చూచిన పరిశీలనము 2011లో ప్రకటింపబడెను. నూటికి 85 మందికి, ఏడాది లేక అంతకుమించిన కాలము, ఆ పేరు పెట్టదగిన లక్షణములు లేకుండ పోయినవి. అయితే ఉద్యోగమున, స్నేహమున కుదురుకొనుట మాత్రము అంతత్వరగా జరుగలేదు. ఇట్టివారికి మార్షా లీనెహన్ అను విదుషి ప్రత్యేకమైన చికిత్సాపద్ధతి నేర్పఱచి, 1993లో గ్రంథరూపమున ప్రకటించెను. యౌవనమున తానును ఇట్టి బాధతో ఆసుపత్రిలో నుంటినని ఆమె 2011లో బహిరంగముగ చెప్పెను. ఉప్పెనవలె వచ్చు కోపమును, దుఃఖమును గుర్తించి, వెంటనే దానికి లొంగక తాళుట, అడుగవలసినది మర్యాదగ అడుగుట మొదలైనవి ఆ పద్ధతిలో పాఠములవలె నేర్పుదురు. స్వభావమును మార్చు మాత్ర యేదియు లేదు. తోడున్న వ్యాకులతకు, నిద్రలేమికి మాత్రము వైద్యులు మందు లీయవచ్చును. మాట ద్వారా చేయు చికిత్సకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. మనిషి వేఱొకడు కాడు. తన గుణమును తాను పట్టుకొని నడుపుట నేర్చుకొనును.

సహాయ మెచ్చట దొరకునని అడుగువారికి ఒక చిన్న చరిత్ర చెప్పెదము. అనంతపురము 1882లో బళ్లారినుండి విడివడి ప్రత్యేక జిల్లా యయ్యెను. ఆ బళ్లారి జిల్లాలోనే, వందయేండ్ల తరువాత, బెంగుళూరిలోని నిమ్హాన్స్ వైద్యులు గ్రామవైద్యులకును, ఆరోగ్యకార్యకర్తలకును మనోవ్యాధులను గుర్తించుట నేర్పి, ఇంటి దాపుననే చికిత్స అందునట్లు ఒక ప్రయోగము చేసిరి. దానిని అనుసరించియే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశమున నాలుగు జిల్లాలలో మొదలయ్యెను. అందు మన మెదకు ఒకటి. ఈ పథకములు సహజముగ మూర్ఛ, ఉన్మాదము వంటి తీవ్రవ్యాధులను ముందు చూచినవి. స్వభావపు బాధలు నాలుగు గోడల నడుమనే మిగిలి, ఇంటి స్త్రీల భుజములపై పడినవి. నేడు అనంతపురపు వారికి వైద్యకళాశాలకు చేరిన ప్రభుత్వాసుపత్రి ఊరిలోనే యున్నది. నిమ్హాన్స్ వారు పొరుగురాజ్యముననే యున్నారు. ఆసుపత్రికి పోవుటకు జంకువారు 14416 అను సంఖ్యకు ఫోను చేసి, పేరు చెప్పకయే తెలుగులో మాటలాడవచ్చును. 2022 అక్టోబరు 10వ తేదీన మొదలైన ఈ ప్రభుత్వసేవ ఉచితము, రాత్రింబవళ్లు అందును.

ఇంటిలో మనము చేయదగిన పనులును కొన్ని గలవు. గుణమును నిందింపక పనిని అడుగవలెను. "నీవు పిసినారివి" అన్నచో తాళము మఱింత బిగియును. "ఈ వారము పాలకు, మందునకు ఇంత కావలెను" అన్నచో ఒకప్పుడైనను చేయి కదలును. తగవు మండుచున్నపుడు గాక, చల్లాఱినపిదప మాటలాడవలెను. మూడు ప్రశ్నలకు జవాబులను నెలరోజులు చిన్నపుస్తకమున వ్రాసికొనుడు: ఎప్పుడు జరిగినది, ఎవరితో, తరువాత ఏమయ్యెను? వైద్యుని యొద్దకు పోయిననాడు వంద విశేషణములకంటె ఈ వ్రాత మేలు చేయును. యౌవనము రానున్న పిల్లలకు మాత్రము తొందరపడి పేళ్లు పెట్టకుడు. వారి స్వభావము ఇంకను కుదురుకొనుచున్నది. కొన్నిమాఱులు ఈ ప్రశ్నలను మనలను గూర్చియు వేసికొనుట మంచిది. మన పట్టుదల ఇంటిని నిలుపుచున్నదా, ఇంటివారిని ఊపిరాడనీయకున్నదా?

తుదకు ఒక మాట నిస్సంశయముగ చెప్పుచున్నాము. స్వభావమైనను, రుగ్మతయైనను, దెబ్బను భరింపవలసిన ధర్మము ఎవరికిని లేదు. వాని నైజమే యంతయని చెప్పి చెంపదెబ్బను గృహకృత్యముగ లెక్కించుట పెద్దలకు తగదు. రోగియైనవానికి చికిత్స యెట్లు హక్కో, ఇల్లాలికి, బిడ్డలకు రక్షణయు అట్లే హక్కు. 2005 నాటి గృహహింస నిరోధకచట్టము అందులకే వచ్చినది. 181 అను సంఖ్యకు ఫోను చేసినచో స్త్రీలకు దారి చూపుదురు. కోపమునకు కారణము తెలిసికొనుట వేఱు, ఆ కోపమునకు బలియగుట వేఱు.

"వాని నైజమే యంత" యన్న మాట ఇంటిలో ఇక వినబడినప్పుడు, దానితో చర్చ ముగియనీయక, "ఎంత? ఎప్పటినుండి? ఎవరికి నొప్పి?" అని అడుగుడు. "ఆమెకు మతి సరిగా లేదు" అని వినబడినప్పుడును అవే ప్రశ్నలు వేయుడు. ఆ జవాబులనుబట్టి ఓర్పు కావలెనో, వైద్యము కావలెనో, రక్షణ కావలెనో తేలును. ఒక్కొక్కప్పుడు ఆమె చెప్పినదే నిజమనియు తేలవచ్చును.